రెండు సగాల పాస్‌వర్డ్

జూన్ 2, సోమవారం
(పంపలేదు)

అత్తా,

నేనొక పని చేశాను. ఎవరికీ చెప్పలేను. నీకైనా చెప్పగలనో లేదో రాస్తే గానీ తెలీదు.

నాన్న గొంతు పోయింది. అంటే ఆపరేషన్ ఇంకా కాలేదు, అది ఇరవై మూడున. పోయింది కంప్యూటర్‌లో దాచిన గొంతు. ఆపరేషన్ తర్వాత మాట్లాడే మెషిన్‌లో పెట్టడానికని రెండు నెలలు రోజూ పొద్దున్నే మైక్ ముందు కూర్చుని చదివాడు కదా, పదహారు వందల వాక్యాలు, అవి. శనివారమే ఆఖరిది చదివాడు. ఇప్పుడు ఒక్క ఫైలూ తెరుచుకోవట్లేదు. పేర్ల చివర ఏవో పిచ్చి అక్షరాలు వచ్చేశాయి. స్క్రీన్ మీద ఇంగ్లీషులో ఒక నోటు, డబ్బు కట్టకపోతే ఇక అంతే అని. నువ్వు పెట్టిన రెండో డిస్క్‌లో కాపీలు కూడా అలాగే అయిపోయాయి.

వాటిలో మధ్యమధ్యన దగ్గులున్నాయి అత్తా. మెషిన్‌లో కూడా నాన్న దగ్గుతూనే మాట్లాడతాడా అని నాకు బెంగ పట్టుకుంది. దగ్గులు తీసేసే సాఫ్ట్‌వేర్ ఒకటి ఫ్రీగా కనిపించింది. నా అకౌంట్‌లో ఎక్కనివ్వలేదు, అడ్మిన్ పాస్‌వర్డ్ అడిగింది. ఇద్దరూ కలిస్తే తప్ప ఏదీ ఎక్కకూడదని నువ్వు దాన్ని రెండు సగాలు చేసి ఒకటి అమ్మకి, ఒకటి నాన్నకి ఇచ్చావు. అమ్మ తన సగం టైప్ చేస్తూ గొణుక్కుంటుంది, అది నాకెప్పుడో నోటికొచ్చేసింది. నాన్నేమో రికార్డింగ్ కోసం గొంతు ఆదా చేసుకుంటూ అన్నీ పలక మీద రాసేవాడు. పోయిన వారం తన సగం రాసి అమ్మకి చూపించి, సరిగ్గా తుడవలేదు.

రెండూ కలిపాను. ప్రతిసారీ అడుగుతోందని విసుగొచ్చి నా అకౌంట్‌నే అడ్మిన్ చేసేశాను. నిన్న మధ్యాహ్నం.

సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నా

(ఇక్కడితో ఆపేసింది.)


జూన్ 2, సోమవారం

ప్రియమైన అత్తకి,

బాగున్నావా? నీ కొండ మీద చలిగా ఉందా? తెలుగులో రాస్తేనే జవాబిస్తానన్నావు కాబట్టి తెలుగులోనే రాస్తున్నా, తప్పులుంటే నవ్వకు. స్కూల్లో తెలుగు పీరియడ్ వారానికి రెండే.

ఇక్కడ అందరం బానే ఉన్నాం. నాన్న రికార్డింగ్ అయిపోయింది. "ఇక మిగిలింది మనం వాడేసుకోవచ్చు" అని పొద్దున్నించీ ఒకటే మాటలు. పాలవాడితో కూడా పది నిమిషాలు మాట్లాడాడు. అమ్మ ఆసుపత్రి పని కోసం టైపింగ్‌కి సెలవు పెట్టింది. కంప్యూటర్ ఆపేసే ఉంది. మానిటర్ వైరు పాడైంది, నేనే చూసి చెప్పాను.

అసలు ఎందుకు రాస్తున్నానంటే, నా బెంచ్‌మేట్ ఒకమ్మాయి ఉంది. వాళ్ళింట్లో కంప్యూటర్‌లో తనకి మామూలు అకౌంట్, వాళ్ళ నాన్నకి వేరే అకౌంట్. తను ఏదో తెరిస్తే ఫైళ్ళన్నీ లాక్ అయిపోయాయట. అలా లాక్ అయినవి మళ్ళీ వస్తాయా? పాపం ఏడుస్తోంది. నీకు ఇవన్నీ తెలుసు కదా అని అడుగుతున్నా.

జవాబు ఇంటికి రాయకు, కింద లాండ్రీ ఆంటీ షాపు అడ్రస్‌కి రాయి. మా పోస్ట్ బాక్స్ మూత పోయింది, వర్షానికి తడుస్తోంది.

నీ
గువ్వ


జూన్ 6, శుక్రవారం

ఒసేయ్ మేనకోడలా,

నీ తెలుగు చూసి కళ్ళు చెమర్చాయి. సంతోషంతో కాదులే. ఒత్తులన్నీ వేసవి సెలవులకి వెళ్ళాయా ఏంటి?

జీపువాడు సామాను దించేలోపు రాసిచ్చేయాలి, లేదంటే మళ్ళీ మంగళవారమే. ఇక్కడి సంగతి తెలిసిందే కదా, ఫోన్ సిగ్నల్ కావాలంటే రెండు గంటలు కిందికి నడవాలి. ఈ వాతావరణ ఆఫీసు లైన్ ఉన్నది వానెంత, గాలెంత అని చెప్పడానికే. నా ఊసులు దాన్లో చెప్తే పై ఆఫీసర్ నన్నే మబ్బుల్లో కలిపేస్తాడు.

నీ స్నేహితురాలికి చెప్పు: వాళ్ళ నాన్న ఫైళ్ళకేం కాదు. మామూలు అకౌంట్ అంటే ఇంట్లో ఒక గది అద్దెకి తీసుకున్న మనిషి అనుకో. తన గదిలో మేకు కొట్టుకోగలడు గానీ పక్క గది తాళం తీయలేడు. దొంగని వెంటబెట్టుకొచ్చినా ఆ దొంగ కూడా ఆ ఒక్క గదిలోనే తిరగాలి. అడ్మిన్ అంటే ఇంటి యజమాని. ఆయన దొంగని పిలిచి కూర్చోబెడితే బీరువా తాళాలు చేతికిచ్చినట్టే, ఇల్లంతా ఊడ్చుకుపోతాడు. అందుకే మనింట్లో నేను ఎవరినీ యజమానిని చెయ్యలేదు. మీ అమ్మా నాన్నా ఏకమైతే తప్ప తలుపు తీయలేరు. వాళ్ళిద్దరూ ఏకమవడం ఎంత కష్టమో నీకు నేను చెప్పాలా!

ఆ పిల్లకి తన సొంత ఫైళ్ళు పోతాయి. పోతే పోయాయి, బుద్ధొస్తుంది. హాయిగా పడుకోమను.

అన్నయ్య నాకో కార్డు రాశాడు. "సరుకంతా గోదాంలో పెట్టేశాను చెల్లాయ్, కాపలా నీది" అని. ఇరవై ఆరేళ్ళు మార్కెట్లో వేలం పాట పాడినవాడు కదా, గొంతుని కూడా బస్తాల్లో కొలుస్తాడు. ఆ మాట చదివాక నాకు కాస్త ధైర్యం వచ్చింది. గొంతు పోతే పోతుంది, గోదాం మనదే.

నాన్న దగ్గర కూర్చోవే కాసేపు.

మబ్బులత్త


జూన్ 9, సోమవారం

అత్తా,

నీ ఉత్తరం లాండ్రీ ఆంటీ ఇప్పుడే ఇచ్చింది. మా యూనిఫామ్ మడతలో పెట్టి ఇచ్చింది, పెద్ద గూఢచారి అనుకుంటుంది తనని తాను.

ఆ అమ్మాయి ఇంకొకటి అడగమంది. ఒకవేళ తన అకౌంట్ కూడా అడ్మిన్ అయ్యుంటే? అంటే ఎవరో పొరపాటున అలా చేసుంటే? అప్పుడు కాపీలు పెట్టిన డిస్క్ కూడా పోతుందా? తిరిగి తెచ్చే దారి ఏదైనా ఉందా? నోటులో చెప్పినట్టు చేస్తే ఇస్తారా? కొంచెం తొందరగా చెప్పవా ప్లీజ్. తనకి పెద్దగా టైమ్ లేదు.

నాన్న దగ్గర కూర్చోమన్నావు. కూర్చుంటున్నా. అంటే, ఎక్కువ కాదు, హోంవర్క్ ఉంటోంది. సాయంత్రమైతే బాల్కనీలో రెండు కుర్చీలు వేసి పిలుస్తాడు, "రావే గువ్వా, సరుకు తక్కువుంది, గిరాకీ లేదు, నువ్వైనా పాడుకో" అని. నిన్న వెళ్ళి ఐదు నిమిషాలు కూర్చున్నా. మార్కెట్ కబుర్లు చెప్తున్నాడు. గొంతు మధ్యలో తెగిపోతూ వస్తోంది, చెరుకు నమిలినట్టు గరగరగా. బాత్రూమ్ అని చెప్పి లేచొచ్చేశా.

నా మీద ఎవరికీ అనుమానం లేదు. అంటే దేని మీదా ఎవరికీ అనుమానం లేదు అని.

తొందరగా రాయి.

గువ్వ


జూన్ 13, శుక్రవారం

గువ్వా,

ఆ బెంచ్‌మేట్‌ని ఇక బెంచీ దిగి ఇంటికెళ్ళమను. ఫ్రెండ్ గురించి అని రాసేవాళ్ళంతా ఎవరి గురించి రాస్తారో నాకు తెలుసు. నీ వయసులో నాకూ అలాంటి ఫ్రెండ్ ఒకతె ఉండేది, చాలా కష్టాలు పడింది పాపం.

ఏం పోయిందో నేనడగను. నాకు అర్థమైంది. నువ్వు రాయక్కర్లేదు, నేను చదవక్కర్లేదు. పదిహేనేళ్ళకి ప్రాణంగా దాచుకునేది ఏముంటుందో ఆ మాత్రం తెలీనంత ముసలిదాన్ని కాలేదు.

అడిగినదానికి జవాబు. అవును, అడ్మిన్ అకౌంట్ అయితే కాపీలూ పోతాయి. తిరిగి తెచ్చే దారి లేదు. ఆ నోటు రాసినవాడికి ఒక్క పైసా కట్టకూడదు, ఒక్క మాట జవాబివ్వకూడదు. వాడు ఇచ్చేదేమీ ఉండదు, ఇంకా గుంజడమే. మిషన్ ముట్టుకోకు, అలాగే ఆపి ఉంచు. ఆ అడ్మిన్ సంగతి తర్వాత నెమ్మదిగా మాట్లాడదాం. ఇప్పుడు తిట్టను.

ఒక్కటి మాత్రం విను. పోయింది ఎంత ప్రియమైనదైనా మనిషి కంటే ఎక్కువ కాదు. మనిషి మిగిలితే చాలు, మిగతావన్నీ తర్వాత. ఆపరేషన్ అయ్యేదాకా అన్నయ్యకి గానీ వదినకి గానీ ఈ సంగతి చెప్పకు. వాళ్ళ నెత్తి మీద ఉన్న బరువు చాలు. కత్తి కిందికి వెళ్ళేవాడు నిశ్చింతగా వెళ్ళాలి. వచ్చే నెల సెలవు పెట్టి నేనే వస్తాను, వచ్చి అంతా నేను చూసుకుంటాను. అప్పటిదాకా ఇది నీకూ నాకూ మధ్యే.

కళ్ళు తుడుచుకో. ఏడ్చి ఉంటావు కదూ?

మబ్బులత్త


జూన్ 18, బుధవారం

అత్తా,

నేను రాయకుండానే నీకెలా తెలిసిపోయింది? నీ ఉత్తరం మంగళవారం వచ్చింది. టెర్రస్ మీద ట్యాంకు వెనక కూర్చుని నాలుగుసార్లు చదివాను. నువ్వు తిడతావనుకున్నా. తిట్టలేదు. ఇన్నాళ్ళకి నిన్న కాస్త నిద్ర పట్టింది.

నేనసలు వేరేలా అనుకుంటూ వచ్చాను. మళ్ళీ చదివిస్తే? అని. జూన్ 1న పోయింది కదా, 22 దాకా ఇరవై ఒక్క రోజులు. రోజుకి ఎనభై వాక్యాలు చదివినా అయిపోతుంది. రోజూ లెక్క మారుతూ వచ్చింది. వంద, నూట ఇరవై, రెండొందలు. ఇవాళ్టికైతే రోజుకి మూడొందల ఇరవై. రోజూ ఇవాళ చెప్పేద్దాం అనుకుని గుమ్మం దాకా వెళ్ళి, తాగేసిన గ్లాసు తీసుకుని తిరిగొచ్చేదాన్ని. ఇప్పుడు నువ్వు మనిషి మిగిలితే చాలన్నావు, చెప్పొద్దన్నావు. నీకంటే నాకెక్కువ తెలీదు కదా. అందుకే చెప్పను.

కానీ ఒకటి. నిన్న సాయంత్రం నాన్న కుర్చీలు వేసి పిలిచాడు. నేను బాత్రూమ్‌లో కుళాయి తిప్పి కూర్చున్నా. నాన్న తలుపు బయట నిలబడి మాట్లాడాడు. తను మొదటిసారి మార్కెట్లో పాట అందుకున్న రోజు సంగతి. అసలు పాటగాడికి జ్వరమొస్తే అప్పుడు లెక్కలు రాసే కుర్రాడిగా ఉన్న నాన్న బల్లెక్కాడట, ఎవరూ వినలేదట, ఏడుపొచ్చి గట్టిగా అరిస్తే పావురాలన్నీ లేచిపోయాయట. "ఆ రోజు నుంచి నా గొంతుకి రెక్కలు తట్టే చప్పుడు ఇష్టమే, అందుకే నీకు గువ్వ అని పెట్టా" అన్నాడు. అది నాకిప్పటిదాకా చెప్పలేదు. కుళాయి సౌండ్‌లో మధ్యలో సగం వినపడలేదు. ఆపితే విన్నట్టు తెలిసిపోతుందని ఆపలేదు.

"స్నానం అయిందా తల్లీ" అని అడిగి వెళ్ళిపోయాడు.

ఆ రోజు నీకు మొదట నిజంగా రాసిన ఉత్తరం ఒకటుంది, పంపలేదు. ఇప్పుడు నీకు తెలుసు కాబట్టి ఇందులో పెడుతున్నా. దాన్ని ఇంట్లో ఉంచాలంటే భయంగా ఉంది.

నువ్వు నా వైపు ఉన్నావు, చాలు.

గువ్వ


జూన్ 24, మంగళవారం

గువ్వా,

నీ ఉత్తరం ఇవాళ పదకొండింటికి అందింది. శుక్రవారం జీపు రాలేదు. వానకి దారి కొట్టుకుపోయింది. ఆ వాన వస్తుందని గురువారం బోర్డు మీద రాసింది నేనే.

నాకు తెలీదు. ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైందని రాశానే, అది అబద్ధం కూడా కాదు, పొగరు. ఎవడో అబ్బాయి ఫోటోలో, వాడు రాసిన మాటలో పోయాయనుకున్నా. మనింటి తాళం రెండు సగాలు కాబట్టి అది ఇంకెవరి మిషనో అనుకున్నా. ఇంత లోకం చూసినదాన్ని, పిల్ల మనసు ఆ మాత్రం కనిపెట్టలేనా అనుకున్నా. పోయింది మా అన్నయ్య గొంతని తెలిసుంటే ఆఫీసు లైనేంటి, ఈ కొండ దొర్లుకుంటూ దిగి వచ్చేదాన్ని. పదమూడో తారీకుకి ఇంకా పది రోజులుంది. రోజుకి నూట అరవై. నేనూ లెక్క వేశాను.

చెప్పొద్దని నేనే చెప్పాను. ఆ మాట నాది. నీ ఖాతాలో రాసుకోకు.

కానీ మొదటి పన్నెండు రోజులు నీవి. అదీ నేను దాచి నీకు చెప్పను. నువ్వు దగ్గుల కోసం చేశావు, అందులో పాపం లేదు. తాళాలు ఎత్తుకెళ్ళావు, అది తప్పే. గదిలో ఉండాల్సినదానివి యజమానివై కూర్చున్నావు, అందుకే దొంగ నీ గదితో ఆగలేదు. నా కాపీల డిస్క్‌ని మామూలు అకౌంట్ ముట్టుకోలేదు, నువ్వు నువ్వుగా ఉండుంటే అది మిగిలేది. ఇదంతా తప్పే. కానీ దిద్దుకోగల తప్పు. దిద్దుకోలేనిది ఆ తర్వాత నువ్వు ఊరుకోవడం, నేను ఊరుకోమనడం.

ఇవాళ ఆఫీసు లైన్లో వదినతో రెండు నిమిషాలు మాట్లాడాను. ఆపరేషన్ బాగా జరిగిందట. గొంతుపెట్టె మొత్తం తీసేశారు. "మళ్ళీ నిద్రపోతున్నారు, ఇందాక లేచినప్పుడు మీ అన్నయ్య పలక కావాలని చేత్తో అడిగారు" అంది. నీ సంగతి నేను చెప్పలేదు. అది నువ్వు చెప్పాలి. నాన్నకి, నోరు విప్పి, ఇంటికి రాగానే. మంచి రోజు కోసం చూడకు, అది రాదు.

నా దగ్గర ఉన్నవి ఆయన రాసిన కార్డులే. వాటిలో గొంతు లేదు. అన్నీ తిరగేశాను.

అత్త


జూలై 5, శనివారం

అత్తా,

చెప్పాను.

నాన్న గురువారం ఇంటికొచ్చాడు. మెడలో చిన్న కన్నం, దాని మీద గుడ్డ. ఊపిరి అక్కణ్ణుంచే. నవ్వితే కూడా అక్కడే చప్పుడు.

నోరు విప్పి చెప్పమన్నావు. మంచం పక్కన నిలబడి "నాన్నా" అన్నాను, ఆ తర్వాత రాలేదు. పలక తీసుకుని రాశాను. నాన్న చదివాడు. తుడిచి, కింద రాశాడు: ఎప్పుడు? నేను రాశాను: జూన్ 1. గోడ మీద క్యాలెండర్ తెమ్మని చెయ్యి చూపించాడు. ఒళ్ళో పెట్టుకుని ఒకటి నుంచి ఇరవై రెండు దాకా గళ్ళ మీద వేలు పెట్టుకుంటూ వెళ్ళాడు. మళ్ళీ మొదటి నుంచి ఇంకోసారి. ఇద్దరం ఏమీ మాట్లాడట్లేదు కదా, వంటింట్లోంచి అమ్మ "తండ్రీ కూతుళ్ళేంటి అంత నిశ్శబ్దంగా కూర్చున్నారు, చదరంగమా?" అని అరిచింది.

నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. పలక బోర్లించేశాడు.

అమ్మకి నేనే చెప్పాను, ఈసారి నోటితోనే, నీ ఉత్తరాల సంగతి కూడా. కొడుతుందనుకున్నా. కొట్టలేదు. స్టవ్ ఆపి కింద కూర్చుంది. "ఇరవై రోజులు మా ఎదురుగా కూర్చుని ఎలా తిన్నావే?" అంది. తర్వాత, "పొద్దున్నే ఆయన చదువుతుంటే తలుపు వేసుకునేదాన్నే, టైపింగ్‌కి అడ్డమని. అందులో ఉందిగా, తర్వాత వినొచ్చులే అనుకున్నా" అంది. నాతో అనలేదు. స్టవ్‌తో అన్నట్టు అంది.

ఇవాళ మూడో రోజు. పలక ఇంకా బోర్లించే ఉంది. మందులు వేసుకుంటున్నాడు, తలూపుతున్నాడు, నా వైపు చూడట్లేదు. అది కరెక్టే. నేనేం చెయ్యాలో మాత్రం తెలీదు.

నీ మీద కోపం లేదు. నువ్వు అబ్బాయి అనుకున్నావని చదివి నవ్వొచ్చింది. వెంటనే ఏడుపొచ్చింది.

గువ్వ


జూలై 8, మంగళవారం

గువ్వా,

నీ ఉత్తరంతో పాటే మీ నాన్న ఉత్తరమూ వచ్చింది. ఒకటే వాక్యం: "నా కూతురిని నోరు మూసుకోమని చెప్పింది నువ్వా?" కింద సంతకం కూడా లేదు. పుట్టి బుద్ధెరిగాక నన్ను ఇంత మాట అనలేదు. అవును నేనేనని జవాబు రాశాను, ఇంకేం రాయలేదు. సంజాయిషీలు వినే ఓపిక ఆయనకి లేదు, చెప్పే మొహం నాకూ లేదు.

కోపంగా ఉన్నవాడు బతికి ఉన్నట్టే. భయపడకు, కోపపడనీ.

వెనక పేజీలో వరసగా రాశాను, వదిన పక్కన కూర్చుని చెయ్యి. పాత డిస్కులు రెండూ తీసి ఒక డబ్బాలో పెట్టు, పారెయ్యకు. ఏ రోజుకైనా తాళం దొరుకుతుందని నేను చెప్పను, దొరకదని కూడా ఒట్టు వెయ్యలేను. కొత్త డిస్క్ పెట్టించి మొదటి నుంచి ఎక్కించండి. మీ ముగ్గురికీ మూడు మామూలు అకౌంట్లు. రోజూ వాడేది అదే, అమ్మకైనా నాన్నకైనా. కాపీల డిస్క్ పని అయ్యాక వైరు పీకి బీరువాలో పెట్టాలి. అది నేను ముందే చెప్పాల్సింది, చెప్పలేదు. అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరెవరి దగ్గర ఉండాలో మీ నాన్నని అడుగు. నేనిక ఆ ఇంటికి తాళాలు పంచను.

అత్త


ఆగస్టు 17, ఆదివారం

అత్తకి,

ఆలస్యానికి సారీ. నా గొంతు బొంగురుపోయింది, ఇందాక డాక్టర్ వారం రోజులు ఎక్కువ మాట్లాడొద్దన్నాడు. ఎందుకో చెప్తాను.

నువ్వు రాసిన పేజీ తీసుకెళ్ళి నాన్నకి చూపించాను. పలక తీశాడు, అన్ని రోజుల తర్వాత. "మూడు ముక్కలు" అని రాశాడు. ఒకటి అమ్మకి, ఒకటి తనకి, ఒకటి నాకట. అమ్మ "దానికా?" అంది. నాన్న ఆ పలకనే మళ్ళీ ఎత్తి చూపించాడు. నాకు వద్దనిపించింది, అయినా తీసుకున్నా. నా ముక్క ఎక్కడా రాయలేదు, గొణగను కూడా.

తర్వాత మెషిన్ అతను వచ్చాడు, క్లినిక్ నుంచి. రికార్డింగ్ లేదంటే, "పర్లేదు సార్, రెడీమేడ్ గొంతులున్నాయి, ఏది కావాలో చెప్పండి" అని ఒక్కొక్కటీ వినిపించాడు. ఆరు మగ గొంతులు. ఒకటి వార్తలు చదివేవాడిలా, ఒకటి లిఫ్ట్‌లో వచ్చేలా. నాన్న ప్రతిదానికీ తల అడ్డంగా ఊపాడు. ఆరూ అయిపోయాక నా వైపు వేలు చూపించాడు. మెషిన్ అతను అర్థం కాక "పాప సెలెక్ట్ చేస్తుందా సార్?" అన్నాడు. నాన్న పలక మీద రాశాడు: గొంతు దానిదే కావాలి.

అమ్మ వద్దంది. ఆడపిల్ల గొంతుతో మార్కెట్‌కి ఎలా వెళ్తారు, నవ్వుతారు అంది. నాన్న రాశాడు: తెలియని వాడి గొంతు నా ఇంట్లో వద్దు.

అదే కాగితాల కట్ట, అదే మైక్. పదహారు వందలూ నేను చదివాను. ఇరవై ఎనిమిది రోజులు. నాన్న పక్కనే కూర్చుని కాగితం తిప్పేవాడు. నేను తొందరపడితే మోకాలి మీద తట్టేవాడు. "కిటికీ వేయండి", "నొప్పిగా ఉంది", "ఇంకొంచెం సేపు ఉండు", ఇలాంటివే అన్నీ. కొన్ని చదవలేకపోయాను. అప్పుడు నాన్న కాగితం తిప్పకుండా అలాగే పట్టుకుని కూర్చునేవాడు, చదివేదాకా. తిట్టలేదు, వదల్లేదు కూడా. ఆ తలుపు ఈసారి అమ్మ వేయలేదు.

మెషిన్ మొన్న వచ్చింది. చిన్న పుస్తకమంత ఉంది, టైప్ చేస్తే మాట్లాడుతుంది. నేను మాట్లాడినట్టే ఉంటుంది, కొంచెం నిద్రలో ఉన్నట్టు. మొదటిసారి అమ్మ వంటింట్లోంచి నాకే జవాబు చెప్పింది. రెండోసారి కూడా. ఇప్పుడు వచ్చి చూసి, ఎవరో తెలుసుకుని జవాబిస్తోంది.

ఇవాళ పొద్దున కాటా బాబాయ్ ఫోన్ చేశాడు. నీకు గుర్తుందా, మార్కెట్లో నాన్న బల్ల పక్కనే తూకం వేసేవాడు, నాన్న ఆసుపత్రికి వెళ్ళేదాకా రోజూ ఇంటికొచ్చేవాడు. ఆ తర్వాత రాలేదు, ఏం మాట్లాడాలో తెలీక కాబోలు. నంబరు చూసి నాన్న మొహం వెలిగిపోయింది. నన్ను ఎత్తనివ్వలేదు. స్పీకర్ పెట్టి, ముందే టైప్ చేసుకున్నాడు.

"ఏరా, చచ్చాననుకున్నావా?" అంది మెషిన్, నా గొంతుతో.

"ఎవరూ? అమ్మాయా? ఏంటమ్మా ఆ మాటలు? నాన్నకివ్వు."

నాన్న గబగబా టైప్ చేశాడు. "నేనే మాట్లాడుతున్నానురా. నా కొత్త గొంతు."

"నవ్వులాట కాదమ్మా ఇది. ఆయన పరిస్థితి నాకు తెలుసు. పెద్దవాళ్ళతో ఇలాగేనా?" అన్నాడు బాబాయ్.

నేను పరిగెత్తుకెళ్ళి ఫోన్ మీద పడ్డాను. "బాబాయ్, ఆట కాదు, అది నాన్నే, నిజంగా నాన్నే" అన్నాను. అదే గొంతు కదా అత్తా. నాకు అప్పుడు తట్టలేదు. ఆయనకి మొదటి నుంచీ ఒక్కరే మాట్లాడుతున్నట్టు వినిపించి ఉంటుంది.

"సిగ్గు లేదూ" అని పెట్టేశాడు.

నాన్న ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాడు. మెషిన్ మీద చేతులు అలాగే ఉన్నాయి. నేనేమైనా అందామంటే ఏం అన్నా అదే గొంతు. చాలాసేపటికి నాన్న మెషిన్ పక్కన పెట్టి లేచాడు, చొక్కా తొడుక్కున్నాడు, మెడ చుట్టూ గుడ్డ సరిచేసుకున్నాడు. చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి నాకోసం చూశాడు.

మార్కెట్‌కి నడిచి వెళ్ళాం. దారిలో నాకు ఎదురైన వాళ్ళందరికీ చెప్పుకుంటూ వెళ్ళాను, ఈయన ఇప్పుడు నా గొంతుతో మాట్లాడతాడు, ఫోన్‌లో నేననుకోకండి అని. లాండ్రీ ఆంటీకి, పాలబూత్ అతనికి, బస్టాప్‌లో ఎవరో తెలియని ఆయనకి కూడా. ఎందుకని అడిగినవాళ్ళకి ఎందుకో కూడా చెప్పాను. నావల్లే అని. కాటా దగ్గరికి చేరేసరికి నా గొంతు పూర్తిగా పోయింది.

నాన్న మెషిన్ ఇంట్లోనే వదిలేశాడు. బాబాయ్ ఎదురుగా ఇద్దరం అలా నిలబడ్డాం, చెప్పడానికి ఒక్కళ్ళకీ గొంతు లేక.

నీ
గువ్వ